సౌండ్ బాగుంది

అతని అసలు పేరు ఏమిటో బ్యాంకువాళ్ళకి తెలియాలి. మిగతా లోకానికంతటికీ అతను మైకు. పెళ్ళిళ్ళకీ సభలకీ పాటల కచేరీలకీ సౌండ్ బాక్సులు అద్దెకిచ్చి, మిక్సర్ ముందు తనే కూర్చుని నడిపించడం అతని పని. ఆ పనికి వంక పెట్టడానికి ఎవరికీ నోరు రాదు. చిక్కల్లా ఒకటే. పని అయిపోయి మనిషి బయటికొచ్చినా అతని చెవులు మాత్రం పనిలోనే ఉండిపోయేవి.

అతనికి ప్రాణస్నేహితులు ముగ్గురు: ఒక టైలర్, ఒక బస్సు కండక్టర్, ఒక పాటగాడు. నలుగురూ కలిసి సినిమాకి వెళ్ళారంటే ఆ తిప్పలు చూడాలి. తెరమీద తల్లి చివరి మాటలు చెబుతూ ఉంటుంది. కండక్టర్ జేబురుమాలు తీసేస్తాడు. టైలర్ ముక్కు ఎగబీలుస్తూ ఉంటాడు. మైకు మాత్రం తెరకి వీపు పెట్టి, మెడ రిక్కించి గోడకేసి చూస్తూ ఉంటాడు.

"ఒరేయ్, ఎడమవైపు బాక్సు చిరిగిందిరా. విను, గరగరమంటోంది."

"అక్కడ ఆవిడ ప్రాణం పోతుంటే నీ బాక్సు గోలేమిట్రా!" అని కండక్టర్ పళ్ళు నూరేవాడు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి ఇద్దరినీ కలిపి తిట్టేవారు. సినిమా అయ్యాక కథ ఎలా ఉందని అడిగితే మైకు నీళ్ళు నమిలేవాడు. హాలు గురించి అడిగితే మాత్రం ఇంటికి చేరేదాకా ఆపేవాడు కాదు.

ఆదివారాలు టైలర్ కొట్లో సగం షట్టరు దించేసి, గుడ్డల మూటలమీద చేరగిలబడి టీవీ చూసేవాళ్ళు. అక్కడా అంతే. మంచి పాట వస్తుందనగా మైకు లేచి వెళ్ళి సౌండు పెంచి, తగ్గించి, మళ్ళీ పెంచి, అది కుదురుకునేసరికి పాట కాస్తా అయిపోయేది. చివరికి టైలర్ రిమోటుని కుట్టని చొక్కాల అడుగున దాచడం మొదలుపెట్టాడు. "నీ చేతికి రిమోటివ్వడం కంటే మా ఆవిడ చేతికి నా కత్తెర ఇవ్వడం నయంరా" అనేవాడు. మైకు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. తనమీద తనకి ఆ రోజుల్లో బెంగేమీ లేదు.

ఇక పాటగాడు. పగలంతా ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ మూగవాడిలా ఉండే మనిషి, సాయంత్రం ఆర్కెస్ట్రాలో పాట అందుకుంటే వేరే మనిషైపోయేవాడు. కచేరీ అయి జనం లేస్తూ ఉంటే, దండలు వేసేవాళ్ళనీ చేతులు కలిపేవాళ్ళనీ తప్పించుకుని, చెమటతో తడిసిన చొక్కాతో తిన్నగా మిక్సర్ దగ్గరికి వచ్చేవాడు.

"ఎలా ఉందిరా?"

"సౌండ్ బాగుంది."

ఏళ్ళ తరబడి ఇదే ప్రశ్న, ఇదే జవాబు. మైకు లెక్కలో అంతకి మించిన మెప్పు లేదు. మంత్రిగారి సభకి కూడా అతను ఆ మాట ఊరికే అనేవాడు కాదు. కానీ ఒకసారి పాటగాడు అక్కడినించి కదల్లేదు.

"సౌండు నీదిరా. నేనడిగేది పాట సంగతి."

"చివరి వరసదాకా ఖంగుమని వినిపించింది కదరా!"

"వినిపించిందా అని కాదు. నువ్వు విన్నావా అని."

తీగలు చుట్టుకుంటూ మైకు పకపకా నవ్వేశాడు. ఇదేం వెర్రి ప్రశ్న? హాలంతటిలో తనకంటే దగ్గరగా కూర్చున్నవాడెవడు? పాటగాడు కూడా నవ్వాడు. కానీ అతని మొహం చిన్నబోయింది. ఆ సంగతి మైకుకి అప్పుడు పట్టలేదు. చాలా ఏళ్ళ తరవాత, ఎవరూ అడక్కుండానే, అన్నం తింటూ ఉండగా గుర్తొచ్చి కంచం ముందునించి లేచిపోయాడు.

ఆర్కెస్ట్రాలకి గిరాకీ పోయింది. రికార్డు చేసిన పాటలు పెట్టి ఊదరగొట్టే రోజులొచ్చాయి. పాటగాడు టైలర్ కొట్లో టీవీతోపాటు కూనిరాగాలు తీయడంతో సరిపెట్టుకున్నాడు. కొన్నాళ్ళకి గొంతు బొంగురుపోయింది. ప్రెస్సులో దుమ్మనుకున్నారు, జలుబనుకున్నారు. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆపరేషన్ తప్పదన్నారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు పెదవులు కదిలిస్తే గాలి మాత్రం వస్తుంది. చెవి దగ్గర పెడితే తప్ప మాట పోల్చుకోలేం.

ఇంటికి తెచ్చాక అతని భార్య ఫోన్లన్నీ వెతికింది. ఎవరిదో పుట్టినరోజు వీడియో ఒకటి దొరికింది. అందులో పదిమంది ఒకేసారి పాడుతున్నారు, మొగుడి గొంతు ఏదో ఆవిడకే తెలియలేదు. అప్పుడు మైకు దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, మీ దగ్గర ఈయన పాటలుంటాయిగా? ఎప్పుడూ టేపు పెట్టుకునేవారు కదా. ఒక్కటి వినిపించండి చాలు. పిల్లలకి కూడా ఆయన గొంతు గుర్తుండాలి."

"ఒక్కటేం ఖర్మమ్మా, పెట్టెడు క్యాసెట్లున్నాయి! ఆదివారం అందరూ కొట్టుకి వచ్చెయ్యండి" అని మైకు గొప్పగా మాటిచ్చేశాడు. అబద్ధమాడాలని కాదు. నిజంగానే ఉన్నాయనుకున్నాడు.

పెట్టె దించి, దుమ్ము దులిపి, మొదటి క్యాసెట్ పెట్టాడు. "ఒరేయ్ మైకూ, వినిపిస్తోందా?" అంది పాటగాడి కుర్ర గొంతు. మైకుకి ప్రాణం లేచొచ్చింది. "ఆ, వినిపిస్తోంది" అని దూరంనించి తన గొంతే జవాబిచ్చింది. ఆ తరవాత టక్కుమని ఆగిపోయింది. రెండోది పెట్టాడు. "మైకూ, వినిపిస్తోందా?" మూడోదీ అంతే. అప్పుడుగానీ అతనికి తన పనితీరు గుర్తు రాలేదు. హాలు ఎంత మార్మోగుతుందో చూసుకోవడానికి టెస్టింగ్ మాత్రం రికార్డు చేసేవాడు. పాట మొదలవుతుందనగా రెండు చేతులూ మిక్సర్‌కి కావాలి కనక టేపు ఆపేసేవాడు. క్యాసెట్లమీద కూడా హాళ్ళ పేర్లే రాసుకున్నాడు. పెట్టెడు క్యాసెట్లలో పెట్టెడు ఖాళీ హాళ్ళున్నాయి. పాట లేదు.

మైకు నేలమీద చతికిలబడి తల పట్టుకున్నాడు. లోకమంతా ఎగబడి విన్న గొంతుని అతి దగ్గరగా కూర్చుని జారవిడిచినవాడు తనొక్కడే.

వెతగ్గా వెతగ్గా అడుగునున్న ఒక క్యాసెట్లో కాస్త ఎక్కువ దొరికింది. ఆ రోజు పాటగాడు టెస్టింగ్‌తో ఊరుకోక, ఖాళీ హాల్లో సన్నగా ఒక రాగం ఎత్తుకున్నాడు. మైకు ఆశగా చెవులు రిక్కించాడు. రాగం ఇలా పైకి వెళుతోందో లేదో, తన గొంతే కసిరినట్టు అడ్డొచ్చింది: "సౌండ్ బాగుంది. చాలు, ఆపెయ్!"

ఆ క్యాసెట్ తప్ప గతి లేదు. తన గొంతు వచ్చే చోటు చూసి పెట్టుకున్నాడు. దానికి కాస్త ముందుగా బటన్ నొక్కేస్తే చాలు. టేపు అరిగిపోయిందమ్మా అని చెప్పెయ్యొచ్చు. ఆ "ఆపెయ్" మాత్రం ఆవిడ చెవిన పడకూడదు. వాడి చెవిన అసలే పడకూడదు.

ఆదివారం కొట్లో అందరూ చేరారు. టైలర్ టీవీ కట్టేశాడు. మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుని పాటగాడు కుర్చీలో కూర్చున్నాడు, పక్కన భార్యా పిల్లలూ. టీవీ సౌండుని ఎన్నడూ నమ్మని మైకు తన సొంత బాక్సు మోసుకొచ్చాడు. తీగలు కలిపి, క్యాసెట్ పెట్టి, ఆపే బటన్‌మీద వేలు ఉంచుకుని కూర్చున్నాడు.

"ఒరేయ్ మైకూ, వినిపిస్తోందా?"

భార్య చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కండక్టర్ జేబులు తడుముకున్నాడు. ఆ తరవాత రాగం మొదలైంది. సన్నగా మొదలై, ఎక్కడో ఒక చోట ఆగి, వెనక్కి తిరిగి చూసుకున్నట్టు చూసుకుని, మెల్లగా మెట్టు ఎక్కింది. అందులో ఏదో అడగడం ఉంది. ఎవరినో కాదు, తననే. ఇంత తీయగా ఉండేదా వీడి గొంతు? ఇన్నేళ్ళూ ఇలాగే పాడేవాడా? మైకు కళ్ళు మూసుకున్నాడు. మిక్సర్ లేదు, హాలు లేదు, బాక్సు ఎలా పలుకుతోందో తెలియలేదు. వేలు ఎక్కడుందో కూడా తెలియలేదు.

"సౌండ్ బాగుంది. చాలు, ఆపెయ్!" అని బాక్సులోంచి అతని గొంతు అరిచింది.

మైకు ఉలిక్కిపడి బటన్ నొక్కాడు. అప్పటికే టేపులో రికార్డింగు అక్కడితో అయిపోయింది. "తరవాత పాట లేదా అన్నయ్యా?" అని పాటగాడి భార్య మెల్లగా అడిగింది.

"లేదమ్మా. నేనే ఆపించేశాను. ప్రతిసారీ నేనే ఆపించేశాను" అన్నాడు మైకు. అరిగిపోయిందన్న మాట నోటిదాకా కూడా రాలేదు.

పాటగాడి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. చెయ్యి చాపి మైకు చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. మైకు చెవి వంచాడు. గాలిలా వచ్చింది మాట:

"ఎలా ఉందిరా?"

జవాబు మైకు నాలుక చివర సిద్ధంగానే ఉంది, ఇన్నేళ్ళ అలవాటు. దాన్ని గట్టిగా మింగేశాడు. "విన్నానురా" అన్నాడు. ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. ఏ పాట బాగా పాడేవాడో, ఎక్కడ ఎలా తిప్పేవాడో చెప్పాలనుకున్నాడు. కానీ చెప్పడానికి అతను విన్నది ఆ ఒక్క ముక్కే.