నలభై ఒకటో నిమిషం

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మిట్టమధ్యాహ్నం పెరట్లోకి వెళ్లకండర్రా, ఏదో ఒకటి పిలుస్తుంది అని మా అత్త పిల్లల్ని భయపెడితే, ఎండ తగులుతుందని చెప్పు చాలు, మధ్యలో దెయ్యమెందుకు అని దెబ్బలాడేదాన్ని. డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను. పన్నెండేళ్లుగా పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తున్నాను. ఏది మొరాయించినా దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నాకు తెలిసిన వేదాంతం అంతే. ఈ ఒక్కదానికి మాత్రం నాలుగు నెలలుగా కారణం వెతుకుతున్నాను.

మాది నర్సీపట్నం. ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో ఇల్లు. మా ఆయన శ్రీను నాకు మేనత్త కొడుకు, అందుకే పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. బావ పెళ్లిళ్లకి వీడియో తీసుకొస్తాడు. నేను ఇంట్లో కూర్చుని దాన్ని కత్తిరించి, పాటలు కలిపి, పెళ్లివారికి ఇచ్చేలా తయారుచేస్తాను.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆ నెల్లోనే పాత కంప్యూటర్ తీసేసి, విశాఖపట్నంలో కొత్తది అసెంబుల్ చేయించుకున్నాం. మంచి ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు, పాతదానికి నాలుగు రెట్లు మెమరీ. పాత వీడియోలు వేసి చూస్తే వెన్నలా నడిచాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు పొద్దున పిల్లలు స్కూలుకి వెళ్లిన దగ్గర్నుంచీ దాని ముందే కూర్చునేదాన్ని.

శ్రావణంలో ఏటికొప్పాక దాటాక ఓ పల్లెలో పెళ్లికి బావ వెళ్లాడు. పగటి ముహూర్తం. ఆ రోజు నేను వెళ్లలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. చిన్నదానికి జ్వరం, నేను నర్సీపట్నంలోనే ఇంట్లో ఉన్నాను, మా అత్త కూడా ఉంది.

ఆ పెళ్లి వీడియో కంప్యూటర్లో వేసినప్పుడు మొదలైంది గొడవ. నలభై నిమిషాల వరకూ బాగానే నడిచింది. నలభై ఒకటో నిమిషంలో, జీలకర్ర బెల్లం పెట్టే చోట, బొమ్మ నత్తలా పాకడం మొదలుపెట్టింది. కాసేపటికి సర్దుకుంది. మళ్లీ నలభై ఏడో నిమిషం దగ్గర అదే వరస. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నవ్వుకుని పనిలోకి దిగాను.

చేయాల్సినవన్నీ చేశాను. కంప్యూటర్ తాత్కాలికంగా దాచుకునే క్యాష్ ఫైళ్లన్నీ తుడిచేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి కొత్తగా వేశాను. యాంటీవైరస్ ఆపాను. ఫైళ్లని వేగంగా నడిచే డిస్కులోకి మార్చాను. బరువు తగ్గుతుందని క్లిప్పులన్నిటికీ చిన్న సైజు నకళ్లు తయారుచేసి, వాటితో నడిపాను. అయినా అదే రెండు చోట్ల అదే నడక. ఆగినప్పుడల్లా ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో చూశాను. పదో వంతు కూడా లేదు. అంత పెద్ద కంప్యూటర్ ఏ పనీ చేయకుండా నిదానంగా కూర్చుంది.

సర్వీసు చేసే ప్రసాద్ గారిని పిలిచాను. ఆయన కూర్చుని నడిపితే ఎక్కడా ఆగలేదు. రెండుసార్లు చూసి, "బాగానే ఉంది కద మేడం, మీరే కంగారు పడతన్నారు" అని వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన బండి సందు మలుపు తిరిగిందో లేదో మళ్లీ వేశాను. నలభై ఒకటో నిమిషంలో ఆగింది.

అప్పుడే ఒక విషయం పట్టుకున్నాను. కంప్యూటర్ తట్టుకోలేకపోతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, శబ్దం ముక్కలు ముక్కలుగా తెగుతుంది. అంతేగాని శబ్దం సాగదు. ఇక్కడ సాగుతోంది. నాలుగు సెకన్ల ముక్క పదహారు సెకన్లు నడుస్తోంది. సన్నాయి గేదె అరుపులా బొంగురుగా, డోలు ఎక్కడో గోడ అవతల కొడుతున్నట్టు వినిపిస్తోంది. ఆ బొంగురు మధ్యలో ఒక ఆడగొంతు మాత్రం మామూలుగా, పక్కన నిలబడి పిలిచినంత స్పష్టంగా, "బావా, ఇలా రా ఒకసారి" అంది.

ఇది చదివేవాళ్లలో మిక్సింగ్ తెలిసినవాళ్లుంటే నా భయం అర్థమవుతుంది. నాలుగో వంతు వేగంలో మామూలుగా వినిపించిందంటే, అక్కడ అది నాలుగు రెట్ల వేగంతో పలికి ఉండాలి. అంత వేగంగా ఏ మనిషీ అంత మాట పలకదు. మామూలు వేగంలో వింటే అక్కడ ఓ చిన్న కిచమన్న చప్పుడు కూడా లేదు. నేనే కావాలని వేగం నాలుగో వంతుకి తగ్గించి విన్నాను. అప్పుడూ గొంతు లేదు. కంప్యూటర్ తనంతట తను నెమ్మదించినప్పుడే ఉంది. నలభై ఏడో నిమిషం దగ్గర కూడా అవే మాటలు.

హెడ్‌ఫోన్లు తీసేసి, స్పీకర్లు పెట్టి మళ్లీ వేశాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. వరండాలో మా అత్త చిక్కుడుకాయలు ఒలుస్తోంది. రెండో పిలుపు అయిన కాసేపటికి చేతిలో పళ్లెంతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏటే, శ్రీను ఇంట్లో లేడు కదా. బావా బావా అని ఎవుల్ని పిలుస్తన్నావు?"

నేను కాదు అత్తా, వీడియోలో ఎవరో అన్నాను.

"నీ గొంతు నాకు తెల్దా? నువ్వు పుట్టిన కాడ్నుంచి ఇంటన్నాను."

ఎవరి గొంతు వాళ్లకి బయట నుంచి వింటే తెలియదు. ఫోన్లో రికార్డయిన నా మాట నాకే ఎవరిదోలా ఉంటుంది. అత్త అన్నాక మళ్లీ వేసి విన్నాను. "రా" దగ్గర కొంచెం సాగదీసి పిలవడం నా అలవాటు. అది నేనే.

అత్త పళ్లెం కింద పెట్టి నా పక్కన కూర్చుంది. ఎన్నిసార్లు పిలిసింది అని అడిగింది. రెండుసార్లు అన్నాను. మా పెద్దవాళ్లు అందరూ చెప్పే మాటే చెప్పింది. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తుంది, అది మాత్రం మూడోసారి పిలవదు, అందుకే మూడో పిలుపు దాకా పలక్కూడదు. ఎప్పుడూ ఎదురు చెప్పే నేను ఆ రోజు వీడియోని మళ్లీ నలభై ఒకటో నిమిషానికి జరిపాను. ఎందుకంటే మొదటి పిలుపు తర్వాత ఆ వీడియోలో ఇంకో గొంతు ఉంది. కెమెరాకి ఆనుకుని, "ఆఁ" అని. అది బావది.

బావ భోజనానికి వచ్చాక చెప్తే నవ్వాడు. "పెళ్లింట్లో బావా అని పిలవనోళ్లు ఎవులే?" అన్నాడు. కూర్చోబెట్టి చూపించాను. అతను కూర్చుంటే కంప్యూటర్ చక్కగా నడిచింది, గొంతు వినబడలేదు. కానీ తను "ఆఁ" అనడం విన్నాడు, కెమెరా పెళ్లికూతుర్ని వదిలేసి ఎడమ పక్కకి తిరగడం చూశాడు. నలభై ఏడో నిమిషం దగ్గరున్న రెండో క్లిప్పులో కెమెరా చేత్తో పట్టుకుని ఆ పక్కకే నడిచాడు. పందిరి వెనక కట్టిన పచ్చ పరదా వైపు నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగు ఎత్తుతుండగా ఎవరో పెద్దాయన, "వీడియో ఏడయ్యా, బేగి రా, తాళి కడతన్నారు" అని కేక పెడితే వెనక్కి తిరిగాడు.

బావ నవ్వు ఆగిపోయింది. అప్పుడు నువ్వే వచ్చావనుకున్నాను, చిన్నదాన్ని తీసుకుని బస్సెక్కి వచ్చేశావేమో అనుకున్నాను, తర్వాత పెళ్లి గోలలో మర్చిపోయాను అని మెల్లగా చెప్పాడు.

రెండు రోజుల తర్వాత ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకోవడానికి పెళ్లివారింటికి వెళ్లాల్సి వస్తే నేనూ బండి ఎక్కాను. పందిరి తీసేశారు, గుంజల గుంతలు ఇంకా ఉన్నాయి. పరదా ఎక్కడ కట్టారో ఆ ఇంటి పెద్దాయన చూపించాడు. బావ ఆ రోజు నిలబడిన చోటి నుంచి నేనే అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. నాలుగు వేశాను. ఇంకో రెండు వేస్తే నేలబావి. చుట్టూ గోడ లేదు, అంచు దాకా గడ్డి, అవతల చెరుకుతోట.

"పిల్లలు ఎల్తారనే పరదా కట్టించాను అండీ" అన్నాడు పెద్దాయన.

కెమెరాలో కన్ను పెట్టుకుని నడిచే మనిషికి ఆ పరదా అవతల ఏముందో ఎలా తెలుస్తుంది? అతన్ని అటు పిలిచింది నా గొంతు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు వస్తుంది.

ఆ రెండు క్లిప్పులూ తీసేసి పెళ్లివారికి వీడియో ఇచ్చేశాం. జీలకర్ర బెల్లం, స్టాండు మీద పెట్టి వదిలేసిన ఇంకో కెమెరాలోది వేశాను, ఎవరూ గమనించలేదు. తీసేసిన రోజు నుంచి కంప్యూటర్ ఎక్కడా ఆగలేదు. ఆ క్లిప్పులు వేరే డిస్కులో దాచాను. ధైర్యం చేసి అప్పుడప్పుడు వేస్తుంటాను. ఇప్పుడు నా దగ్గర కూడా మామూలు వేగంలోనే నడుస్తాయి, గొంతు లేదు. సన్నాయి ఒక్కటే ఉంటుంది. ఎవరూ పిలవకుండానే బావ "ఆఁ" అని పలుకుతాడు, తిరిగి చూస్తాడు.

ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. అన్నానికైనా, గ్యాస్ బండ మార్చడానికైనా నేను మూడుసార్లు పిలవాలి, మూడోసారికే బావ పలకాలి. మొదట్లో పిల్లలు ఆటపట్టించేవారు. తర్వాత వాళ్లకీ అలవాటైపోయింది. నాకూ కొంచెం ధైర్యం వచ్చింది.

పోయిన వారం మధ్యాహ్నం నేను కంప్యూటర్ ముందు ఉన్నాను. చెవులకి హెడ్‌ఫోన్లు. బావ ముందు గదిలో లెన్సులు తుడుచుకుంటున్నాడు. అత్త ఊళ్లో లేదు. ఎవరో వెనక నుంచి వెళ్లినట్టనిపించి తిరిగి చూస్తే బావ పెరటి తలుపు గడియ తీస్తున్నాడు.

ఎక్కడికి అన్నాను.

నన్ను చూసి అతను అక్కడే నిలబడిపోయాడు. "నువ్వు పెరట్లో లేవా? మూడుసార్లు పిలిచావు కదే. లెక్కెట్టి మరీ లేచాను" అన్నాడు.

నేను ఒక్కసారి కూడా పిలవలేదు. లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాను. గడియ మళ్లీ నేనే పెట్టాను. పెరట్లో ఏముందో ఇద్దరం చూడలేదు.

ఆ రోజు అన్నం తిన్నాక బావకి కొత్త నియమం చెప్పాను. ఇకమీద నేను నిన్ను పిలవను. పనుంటే దగ్గరికి వచ్చి భుజం తడతాను. ఈ ఇంట్లో గాని, ఏ ఊళ్లో పెళ్లిలో గాని, నా గొంతుతో బావా అని ఎన్నిసార్లు వినిపించినా అది నేను కాదు. బావ తలూపాడు, నవ్వలేదు.

అది ఏమిటో, నా గొంతు దానికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. బావా అన్నది ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నా నోట్లో ఆడిన మాట. పలక్కుండా వారం రోజులైంది.