కటుకరోహిణిని తిట్టిన రుక్మా ఆమా

రుక్మా ఆమాకు, అంటే రుక్మా అవ్వకు, ఎవరినో ఒకరిని తిట్టనిదే పూట గడవదు. మనుషులు దొరక్కపోతే మొక్కలను తిట్టేది.

హిమాలయాల్లో మున్సియారీ ఊరికి పైన, గొర్రెల మేత కొండల్లో ఆమెదే పెద్ద నోరు. జ్వరమొచ్చినా కడుపు నొప్పి వచ్చినా ఊరంతా ఆమె తవ్వి తెచ్చే కటుకరోహిణి వేరు కోసమే వచ్చేది. ఆ వేరు కంటే ఆవిడ మాటే చేదని, ఆమా 'బ్వారీ' అని పిలిచే కోడలు హంసా అనుకునేది. పైకి అనేది కాదు.

ఆమా కాపరానికి వచ్చిన కొత్తలో ఆ మొక్క గొర్రెల దొడ్డి వెనకే మొలిచేదట. ఎండలు ముదిరి, మంచు పడాల్సిన నెలలో వాన పడటం మొదలయ్యాక, చల్లదనం వెతుక్కుంటూ అది ఏటికేడాది పైపైకి పోయింది. దాని వెనకాలే ఆమా, ఆమె మోకాళ్ల నొప్పులు.

"ఏమే, నేనేమన్నా నీ సవతినా, నన్ను చూసి పారిపోతావు?" అని ఖాళీ గట్టును నిలదీసేది. ఓసారి మబ్బును పట్టుకుని, మంచు అడిగితే వాన పోస్తావా, చెవుడా అని కడిగేసింది. రోడ్డు పక్కన ఇంజను ఆపకుండా ఫొటోలు దిగుతున్న యాత్రికుల మీదికి, మీ పొగ వల్లే మా మందు కొండెక్కిందంటూ కర్ర ఎత్తింది. వాళ్లు ఆ కర్రతో సహా ఆమెనూ ఫొటో తీసుకున్నారు.

ఆ ఏడు శిఖరం అంచున తప్ప ఎక్కడా మొక్క మిగల్లేదు. అటు అడుగు వేసినవాళ్లను ఆమా తాతముత్తాతలతో కలిపి తిట్టింది. తను మాత్రం రోజూ బుట్ట తగిలించుకుని ఎక్కేది. ముసల్ది అంతా తవ్వి దళారికి అమ్ముకుంటోందని పొరుగింటి గోపులీ నలుగురిలో అనేసింది. హంసాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆమాకు కనపడకుండా వెంట వెళ్లింది.

తవ్విన మాట నిజమే. మొక్కలను మట్టితో సహా పెకలించి, తడి నాచు చుట్టి బుట్టలో సర్దుకుంది ఆమా. కానీ ఊరివైపు దిగలేదు. పక్కనున్న ఇంకా ఎత్తైన కొండ ఎక్కింది, కూలబడుతూ, లేస్తూ, బుట్టలోవాటిని దారి పొడుగునా తిడుతూ. పైన రాళ్ల మధ్య గుప్పెడు మట్టి ఉన్న చోటల్లా ఒక్కొక్కటే నాటసాగింది.

హంసా దగ్గరికొచ్చింది. "ఊళ్లో అంత మాట అంటుంటే నాకైనా చెప్పకూడదా ఇజా?" అని అత్తను అడిగింది.

"చెబితే చూడ్డానికొచ్చి తొక్కుతారు. ఆ కొండ అయిపోయింది బ్వారీ, దాని పైన ఇంక ఆకాశమే. ఎండలు ముదిరేలా చేసినవాళ్లు కార్లెక్కి పోయారు. ఇంకో కొండకు నడిచిపోవడానికి దీనికి కాళ్లున్నాయా?"

"మరి నీ మోకాళ్లు?"

"అవి తిడితేనే నడుస్తాయి."

హంసా బుట్ట పక్కనున్న చెంబు తీసుకుని, కరుగుతున్న మంచు దగ్గరికి వెళ్లి నింపుకొచ్చి మొక్కల మొదట్లో పోసింది.

"తడిపితే చాలదూ? తలంటు పోస్తావేం?" అని ఆమా మొదలుపెట్టింది.

హంసా తల వంచుకుని నవ్వు దాచుకుంటూ, బుట్టలోంచి ఇంకో మొక్క తీసి అందించింది.