ఎడమ తలుపు గీతలు

రేషన్ దుకాణంలోని మిషను అబ్దుల్ హమీద్ వేళ్లను గుర్తుపట్టదు. ముప్ఫై ఏళ్లుగా కార్ల మీద గుడ్డ పెట్టి రుద్దీ రుద్దీ ఆయన వేలిముద్రలు అరిగిపోయాయి. భార్య కౌసర్ బతికున్నన్నాళ్లు ఆ ఇబ్బంది తెలియలేదు. బియ్యానికి ఆమే వెళ్లి వేలు పెట్టి వచ్చేది. "నీ చేతి గీతలన్నీ ఊరోళ్ల కార్లకు పూసొచ్చినవ్. ఇగ సర్కారుకు ఏం చూపిస్తవ్?" అని నవ్వేది. కౌసర్ పుట్టిల్లు కేతేపల్లి. రైతుల ఇళ్ల నడుమ పెరిగిన మనిషి. ఇంట్లో అందరూ మాట్లాడేది ఉర్దూ అయినా, వెక్కిరించాలన్నా కోపం చేయాలన్నా ఆమెకు తెలుగే కావాలి.

అరిగినా ఆ వేళ్లే హమీద్‌కు పనిలో కళ్లు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఆయనదొక రేకుల షెడ్డు ఉంది. పాలిషుకు వచ్చిన కారు బానెట్ మీద అరచెయ్యి వేసి మెల్లగా జరిపి, బండి ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పేస్తాడు. మేళ్లచెరువు బండ్ల మీద సిమెంటు దుమ్ము మంచుకు తడిసి గట్టిపడి, గరుకు కాగితంలా చేతికి తగులుతుంది. మర్రిగూడ బండ్ల నిండా బోరు నీళ్ల మచ్చలుంటాయి. గుండ్రంగా, తెల్లగా, అంచు కాస్త లేచి.

హైదరాబాద్‌లో ఉస్తాద్ దగ్గర నేర్చిన పనితో, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడే ఆయన సొంతూరు తిరిగొచ్చాడు. ఆ ఏడే ఒక డాక్టరు దగ్గర పాత స్విఫ్టు కొన్నాడు. ముదురు నీలం రంగు, ఏపీ ఇరవై నాలుగు నంబరు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక కౌసర్‌ను ఎక్కించుకుని కేతేపల్లి పోయేవాడు. ఆమె ఎడమ సీట్లో కూర్చుని, దారి పొడుగునా కనిపించిన ప్రతి చేను ఎవరిదో చెప్పేది.

ఆ కారుకు మాత్రం ఆయన ఒక్కనాడూ పాలిషు పట్టలేదు.

"ఊరందరి కార్లు అద్దాలైతయ్. మనదేమో మసీదు మెట్ల కాడి చెప్పు లెక్క ఉంటది. జర దీనిక్కూడ ఒక్కనాడు చెయ్యరాదు?" అని కౌసర్ అడిగేది.

"ఈ ఐతారం చేస్త" అనేవాడు హమీద్. ఆదివారం నాడు ఎవరిదో కారు వచ్చేది. అట్లా ఐదేళ్లు గడిచాయి. ఆరో ఏట ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. నల్లగొండ, హైదరాబాద్ దవాఖానల చుట్టూ అదే కారులో తిప్పాడు. రంజాన్ నెల ఇంకో పది రోజులుందనగా ఆమె పోయింది. ఖాళీ ఎడమ సీటును పక్కన పెట్టుకుని నడపలేకపోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిపోగానే కారును ఒక బ్రోకరుకు ఇచ్చేశాడు. అది ఎవరి చేతికి పోయిందో అడగలేదు.

పోయిన ఫిబ్రవరిలో, ఒక మంగళవారం పొద్దున, ఆ కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది.

హమీద్ ముందుగా చూసింది నంబరు. పట్టుకున్న బకెట్ కింద పెట్టి, లేచి, మళ్లీ చూశాడు. కారులోంచి దిగినాయన పేరు పరశురాములు. మర్రిగూడ మండలంలో గొర్లు కాస్తాడు, మూడెకరాల పత్తి ఉంది. వెంట భార్య పుష్ప. నాలుగేళ్ల కింద ఎవరి దగ్గరో కొన్నారట. ఇది ఎవరి కారో వాళ్లకు తెలియదు. హమీద్ చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచాడు గాని, వచ్చింది వేరే మాట.

"ఏందన్నా ఈ మచ్చలు? బోరు నీళ్లతోటి కడుగుతున్నరా?"

"ఇగో, గా మాట మా ఆమెకు చెప్పు" అన్నాడు పరశురాములు.

"మరి కారుకు కిష్ణ నీళ్లు పొయ్యాల్నా?" పుష్ప వెంటనే అందుకుంది. "ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి మా అత్త నడుం వంగిపోయి, గట్లనే పోయింది. ఇన్నేండ్లకు నల్లల మంచినీళ్లొస్తుంటె టైర్లకు పోస్తమా? మనుషులకు కిష్ణ నీళ్లు. గొర్లకు, కారుకు బోరు నీళ్లు. మా ఇంట్ల గంతే."

"కడిగి, బట్టలారేసినట్టు ఎండల నిలవెడ్తది భాయ్" అన్నాడు పరశురాములు.

హమీద్‌కు నవ్వొచ్చింది. ఆ నీళ్లు ఎండలో ఆరితే వాటిలోని ఉప్పు కారు రంగులోకి దిగుతుందని ఆమెకు ఎవరు చెబుతారు? తాగే నీళ్లంటే ఆ ఊళ్లో ఉన్న భక్తి అట్లాంటిది.

"బేస్తారం పొద్దుగాల్లకు కావాలె" అంది పుష్ప. "మా అన్న బిడ్డ పెండ్లి, మహబూబ్‌నగర్ల. ఇంకొకటి భాయ్. ఇటు రా." ఎడమవైపు ముందు తలుపు దగ్గరికి తీసుకుపోయి హ్యాండిల్ వెనక గుంటను చూపించింది. "గీ గీతలు పొయ్యేటట్టు చెయ్యి. కొన్నప్పటిసంది ఉన్నయ్. ఎవలో మస్తు గాజుల తల్లి కూసున్నట్టుంది. నేను గూడ తక్కువ గీకలేదనుకో."

"తక్కువనా? సాలు కొట్టి దున్నినవ్" అన్నాడు మొగుడు.

హమీద్ వంగి చూశాడు. అరచెయ్యంత గుంట. దాని నిండా సన్న సన్న వంపు గీతలు, ఒకదాని మీదొకటి. కౌసర్ లక్క గాజులు వేసుకునేది, రాళ్లు పొదిగినవి. తలుపు తీసిన ప్రతిసారీ రాళ్లు రంగును గీకేవి. అప్పుడు వాటిని చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

"చేస్త చెల్లె" అన్నాడు.

వాళ్లు బస్సెక్కి పోయాక కారును లోపల పెట్టాడు. సబ్బు నీళ్లతో కడిగాడు. సిర్కాలో, అంటే వెనిగర్‌లో, నీళ్లు కలిపి, గుడ్డ ముంచి, ఒక్కొక్క మచ్చ మీద వేసి నానబెట్టి తుడిచాడు. సాయంత్రానికి పై మురికంతా వదిలాక, మహబూబ్‌నగర్‌లో ఉండే కూతురు నిషాత్‌కు ఫోన్ చేశాడు. మన కారు వచ్చిందమ్మా అన్నాడు. నిషాత్, బాగా చెయ్ అబ్బాజాన్, అమ్మీ ఎన్నిసార్లు అడిగింది నిన్ను అంది. గీతల సంగతి హమీద్ ఆమెకు చెప్పలేదు.

బుధవారం పాలిషు మిషను పట్టాడు. రబ్బరు అంచులకు టేపు వేసి, రంగును నునుపు చేసే కాంపౌండు పూసి, బానెట్ నుంచి మొదలుపెట్టి ఒక్కో పలక రుద్దుకుంటూ వచ్చాడు. నీలం కింద నీలం బయటపడుతోంది. ఈ రంగు ఇంత లోతుగా ఉంటుందని ఆయనకే తెలియదు. కౌసర్ చూసిందల్లా పైనున్న బూడిద పొరనే. ఆ పొర తీయడానికి పట్టింది రెండు రోజులు. ఐదేళ్లలో ఆ రెండు రోజులు దొరకలేదు తనకు.

ఎడమ తలుపును చివరికి ఉంచాడు. దాని హ్యాండిల్ గుంటకు అడ్డంగా టేపు వేశాడు, అక్కడ పని లేదన్నట్టు. తలుపంతా మెరిసింది. పాలిషు అయ్యాక పూసే సీలెంటు గురించి ఉస్తాద్ చెప్పిన మాట ఒకటుంది. దాని కింద ఏది వదిలితే అది అక్కడే ఉండిపోతుంది, కాబట్టి దుమ్ము నలుసు కూడా వదలొద్దు అని. ఈ గీతలను అట్లాగే వదిలి పైన సీలెంటు పూస్తే? పుష్ప అడిగితే, లోతున్నయ్ చెల్లె, పోవు అంటే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది.

టేపు తీసి, టార్చి పెట్టి చూశాడు. ఏవి కౌసర్‌వో ఏరుకుందామనుకున్నాడు. గోటితో తడిమాడు. పాతవి లోతుగా, కొత్తవి పైపైన ఉంటాయనుకున్నాడు గాని, అట్లా లేవు. ఇన్నేళ్లలో ఎవరెవరో తలుపు తీశారు. డాక్టరు భార్య, కౌసర్, నడుమ ఎవరో, పుష్ప. అందరి చేతులూ అదే గుంటలోకి వచ్చి అదే వంపులో గీసి పోయాయి. నాలుగు గీతలను చూసి ఇవి ఆమెవే అనుకున్నాడు. ఇంకో పక్కనుంచి వెలుగు పడితే అవీ తక్కినవాటిలో కలిసిపోయాయి.

షెడ్డు గడపలో కూర్చుని చాయ్ తెప్పించుకున్నాడు. అది చల్లారింది. కారు వైపు చూశాడు. అంత మెరుపు నడుమ ఆ గుంట ఒక్కటి మబ్బుగా ఉంది. కౌసర్ చూస్తే ఊరుకుంటుందా? 'మొఖమంత కడిగి చెవుల ఎనక ఇడిసిపెట్టినవా, మంచి పనోడివే' అనదూ? ఆమె అడిగింది కారును కొత్తదాని లెక్క చేయమని. తన గీతలు దాచిపెట్టమని కాదు. ఇటు పుష్ప కూడా అదే అడిగింది.

గుంటలో మిషను పట్టదు. మెత్తటి గుడ్డను రెండు వేళ్లకు చుట్టి, పాలిషు అద్ది, చేత్తోనే మొదలుపెట్టాడు. చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దాడు. పది నిమిషాల పనికి మధ్యాహ్నమంతా పట్టింది. కావాలనే తొందర చేయలేదు. ఒక్కో గీత సన్నబడి, వెంట్రుకంతై, ఉందా లేదా అన్నంతై, పోయేది. గుడ్డ నీలమైంది. మళ్లీ మార్చాడు. పొద్దు వాలుతుండగా గుడ్డ తీసి వేలు పెట్టి చూశాడు. ఏమీ తగల్లేదు. గాజు మీద జారినట్టు జారింది వేలు. ఆ వేలిని కాసేపు అక్కడే ఉంచాడు.

తర్వాత కారంతటికీ సీలెంటు పలచగా పూసి, ఆరాక తుడిచి, షెడ్డు మూసి ఇంటికి పోయాడు.

బేస్తవారం పొద్దున్నే మొగుడూ పెళ్లాలు వచ్చారు. పరశురాములు కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద వంగి మీసం దువ్వుకున్నాడు. "ఏం భాయ్, నా మొఖం నా కారు మీదనే కనపడ్తాంది. ఇగ పెండ్లిల పిలగాన్ని ఎవలు చూస్తరు?"

"నిన్ను చూసి పారిపోకుంటె చాలు" అంది పుష్ప.

"ఇయ్యాల నీళ్లు తగలనియ్యకుండ్రి" అని హమీద్ జాగ్రత్తలు చెప్పాడు. "తర్వాత బోరు నీళ్లతోటే కడుక్కో చెల్లె, నీ కిష్ణ నీళ్లు నేనేం అడగ. కాని నీడల కడుగు. ఆరకముందే తుడువు."

"గంతేనా? గట్లనే చేస్త" అంది.

ఆడవాళ్లున్న కారు ఇచ్చేటప్పుడు ఆయన తప్పకుండా చెప్పే మాట ఇంకొకటుంది. తలుపు తీసేటప్పుడు జర గాజులు పైకి జరుపుకోవాలని. ఆ రోజు ఆ మాట నోట్లోంచి రాలేదు. పుష్ప పెళ్లికని మోచేతి దాకా గాజులు వేసుకుంది. ఎడమ తలుపు దగ్గరికి పోయి, హ్యాండిల్ వెనక్కి చెయ్యి పెట్టి లాగింది. గాజులన్నీ కలిసి తలుపుకు తగిలి గలగలమన్నాయి.

హమీద్ కదల్లేదు. కౌసర్ ఉన్నప్పుడు, శుక్రవారం నాడు తాను ముందే ఎక్కి కూర్చుని, తాళం తిప్పి ఉండేవాడు. ఆమె ఇంటికి గొళ్లెం పెట్టి వచ్చేది. ముందు ఆ గాజుల చప్పుడు వినిపించేది, తర్వాత తలుపు తెరుచుకునేది, ఆ తర్వాతే ఆమె ముఖం కనిపించేది. నిన్నంతా గీతల కోసం వెతికాడు. ఈ చప్పుడు ఒకటుందన్న సంగతే మరిచిపోయాడు.

పుష్ప ఎక్కి తలుపేసుకుంది.

"చెల్లె" అన్నాడు హమీద్. "జర ఒక్కసారి దిగు. తలుపు సక్కగ పడ్డట్టు లేదు."

"మంచిగనే పడ్డది గద భాయ్?" అన్నాడు పరశురాములు.

"ఒక్కసారి చూస్త అన్నా. నువ్వు జర పక్కకు రా."

పుష్ప దిగి, తలుపు మూసి నిలబడింది, పరశురాములు పక్కకు జరిగాడు. హమీద్ కారు చుట్టూ తిరిగి కుడివైపు పోయాడు. డ్రైవరు సీట్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఎదుటి రోడ్డు వైపు చూశాడు.

"ఆ, ఇగ తియ్యి చెల్లె" అన్నాడు.