భజన బృందానికి కాసినో హోటల్

అది 2024. యాంగోన్‌లో వానలు తగ్గుముఖం పట్టి, బోటాటౌంగ్ సందుల్లో బురద ఎండుతున్న రోజులు. మా ట్రావెల్ ఆఫీసు అక్కడే, పాత గోదాములకి ఎదురుగా, మొదటి అంతస్తులో ఉంది. కరెంటు ఉంటే ఫ్యాను తిరుగుతుంది, పోతే కిటికీ తెరుస్తాను, నది గాలి వస్తుంది. ఇరవై ఏళ్ళు దాటింది ఈ పనిలోకి వచ్చి. టిక్కెట్టు అమ్మడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు, ఆ పని ఫోనే చేసేస్తోంది. మా వృత్తిలో అసలు తలనొప్పి బృందాలు. ఇరవై మందిని ఒకే కప్పు కింద, వాళ్ళు కూడబెట్టుకున్నదానికి సరిపడేలా, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి లిఫ్టు చూసి, గురక పెట్టేవాళ్ళని వేరుచేసి పడుకోబెట్టాలి. ఒక పెళ్ళి చేసినంత పని అది.

ఆ ఏడాది మా రామమందిరం భజన బృందానికి మలేషియా నుంచి పిలుపు వచ్చింది. కౌలాలంపూర్ దాటాక ఒక కొండ కింద ఊళ్ళో తెలుగువాళ్ళ గుడి ఉంది. కార్తీక సోమవారం నాడు అక్కడ ఏకాహం పెట్టుకున్నారు. ఏకాహమంటే పగలూ రాత్రీ తెగకుండా సాగే భజన. పాడే గొంతులు మారవచ్చు గానీ తాళం ఆగకూడదు. మా వాళ్ళంతా ముత్తాతల నాడు విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళ వారసులు. అంత దూరం వచ్చి పాడమని మమ్మల్ని ఒకరు పిలవడం అదే మొదలు. బృందం పెద్ద కామేశం మాస్టారు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగి, చివరికి నా బల్ల ముందు కూర్చున్నారు.

"లచ్చిమీ, ఓటలు సవగ్గా ఉండాల. అలగని పాతబడిన కొంపల్లో దించీకు. మన ఆడోళ్ళు తెల్లారి లేచి తానాలు సెయ్యాల," అన్నారు.

నేను మూడు చోట్లు చూశాను. ఊళ్ళోని హోటళ్ళు బాగున్నాయి, ధర వింటేనే మాస్టారికి దగ్గు వచ్చింది. గుడి పక్కన గెస్ట్‌హౌసులు ఉన్నాయి గానీ చిన్నవి. బృందాన్ని నాలుగు ఇళ్ళకి పంచాలి, పైగా మెట్లు. మూడోది కొండమీద ఒక కాసినో హోటల్. లిఫ్టులు, వేడినీళ్ళు, ఉదయం ఫలహారం, గుడి దాకా బస్సు, అన్నీ కలిపి గెస్ట్‌హౌసు ధరకి దగ్గరలోనే ఇస్తున్నారు.

తెలియనివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. కాసినో హోటలు గది అద్దె మీద బతకదు. మనం కిందికి దిగి ఆడితే చాలు, గది దాదాపు ఊరికే ఇచ్చినా వాళ్ళకి నష్టం లేదు. శుక్ర, శనివారం రాత్రులు జనం ఎగబడతారు కాబట్టి ధర కొండెక్కుతుంది. మిగతా రోజుల్లో గదులు ఖాళీగా పడి ఉంటాయి, అప్పుడు గ్రూప్ రేటు అడగాలి. గ్రూప్ రేటంటే పది గదులో, ఆపైనో ఒకేసారి తీసుకునేవాళ్ళకి ఇచ్చే తగ్గింపు. ఏకాహం సోమవారం కావడం మా అదృష్టం. ఆ శివుడికి హోటళ్ళ వ్యవహారం కూడా తెలుసని నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది.

మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేచినంత పని చేశారు. "కాసినోలో రామభజనేటే లచ్చిమీ!"

"భజన గుళ్ళో మాస్టారూ. కాసినోలో నిద్రే."

ఆయన గొంతు తగ్గించారు. "నిద్రపోడానికి నాకేటి? ఎక్కడైనా పోతాను. గానీ మనోడు అప్పలసామి ఉన్నాడు కదేటి?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. అప్పలసామి రేవులో క్రేను నడిపి రిటైరయిన మనిషి. మా ఊళ్ళో టూడీ అని ఒక పిచ్చి ఉంది. థాయ్ స్టాక్ మార్కెట్ అంకెల్లో రెండిటి మీద పందెం కాస్తారు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫలితం వస్తుంది. టీ కొట్టుకి వెళ్ళినవాడు టీతో పాటు అంకె కూడా చెప్పి వస్తాడు. అప్పలసామి అలా చెప్పీ చెప్పీ సంచౌంగ్‌లోని సొంతిల్లు పోగొట్టాడు. భార్యతో లైంగ్‌థార్యార్‌లో ఒక అద్దె గదికి చేరాడు. ఆ మనిషే ఒకరోజు మందిరానికి వచ్చి, రాముడి ముందు కర్పూరం ఆర్పి ఇక ఆడనని ఒట్టేశాడు. అంకెలు వచ్చే వేళకి చేతులు దురద పెడుతున్నాయని, ఆ వేళకే మందిరంలో కూర్చుని ఢోలకు కొట్టడం మొదలుపెట్టాడు. ఒట్టు నిలబడింది. ఢోలకు కూడా చేతికి అబ్బింది. ఇప్పుడు ఏకాహం అంతసేపు తాళం నిలబెట్టగలవాడు మా బృందంలో ఆయనొక్కడే.

"ఈసారికి అతన్ని ఒగ్గీసి, గంజాం ఓళ్ళ బజనలోంచి ఎవుడ్నైనా అడుగుదుమేటి?" అన్నారు మాస్టారు. అని, తన మాట తనకే నచ్చక, లేచి వెళ్ళిపోయారు.

కబురు ఎలా చేరిందో గానీ మర్నాడు అప్పలసామి భార్య సింహాచలం వచ్చింది. గార్మెంటు ఫ్యాక్టరీ క్యాంటీనులో వంట చేస్తుంది. బస్సు మారి, చెమటతో వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"మమ్మల్ని ఇద్దర్నీ ఒగ్గీ లచ్చిమీ. ఒంట్లో బాగోనేదని సెప్పీ."

"విమానం ఎక్కాలని ఎన్నాళ్ళనుంచి అంటున్నావు వదినా!"

"విమానం ఎవుడిక్కావాలే? ఇల్లు పోయినప్పుడు నాను ఏడవనేదు. ఆ మనిసి మల్లీ మనిసైనాడు, అది పోతే నాను బతకను." కళ్ళు తుడుచుకుంది. "గానీ ఆయన్ని ఆపీసినారని తెలిస్తే, ఎందుకాపినారో ఆయనకి తెలిసిపోద్ది. అదీ బయమే. ఏటి సెయ్యాలో నాకు తెలదు."

నాకు ఆమె మీద జాలి, హోటలు మీద కోపం కలిగాయి. కోపం వస్తే నేను ఫోను పట్టుకుంటాను. ఆ హోటలు నేను ముందే చూసినది. మా వృత్తిలో సైట్ ఇన్‌స్పెక్షన్ అంటారు, అంటే గిరాకీని పంపేముందు మేమే వెళ్ళి పరుపు నొక్కి, కుళాయి తిప్పి చూసి రావడం. అక్కడ కొత్త భవనంలో ఎక్కడికి వెళ్ళాలన్నా కాసినో ముందునుంచే నడవాలి. కావాలనే అలా కడతారు. వెనకాల పాత భవనం ఒకటుంది. దాని లిఫ్టు వేరు, దాని తలుపు వేరు. గదుల కిటికీలు మాత్రం గోడకేసి ఉంటాయి.

హోటలు సేల్స్ అమ్మాయితో, "గోడ కనిపించే గదులు పది కావాలి," అన్నాను.

"కొత్త భవనంలో కొండ కనిపించేవి కూడా ఉన్నాయి మేడమ్."

"వద్దమ్మా. గోడే కావాలి."

ఆ అమ్మాయి ఒకటికి రెండుసార్లు అడిగి రాసుకుంది. ఈవిడకి ఇంగ్లీషు సరిగా రాదేమో అనుకుని ఉంటుంది. చివరికి గోడకి ఇంకొంచెం తగ్గించింది కూడా. కానీ ఫలహారశాల దగ్గరే చిక్కుపడింది. అది కొత్త భవనంలో ఉంది. అక్కడికి వెళ్ళే వరండా కాసినో అద్దాల తలుపుల ముందునుంచే పోతుంది, వేరే దారి లేదు. "మరి లోపలికి ఎవరైనా వెళ్ళిపోవచ్చా?" అని అడిగాను. మగవాళ్ళకి ప్యాంటు, కాలర్ చొక్కా, బూట్లు ఉండాలట. లుంగీ, చెప్పులు వేసుకుంటే ఆపేస్తారట.

మా ఊళ్ళో మగవాళ్ళు పెళ్ళికైనా చావుకైనా లోంజీ కట్టుకునే వెళతారు. లోంజీ అంటే బర్మా లుంగీ. దానికి ఏం తక్కువైందని ఒళ్ళు మండింది గానీ, ఆ వేళకి ఆ నియమం దేవుడిచ్చిన వరంలా కనిపించింది. సింహాచలానికి చెప్పాను. ఆమె మాస్టారికి చెప్పింది. మాస్టారు బడిపంతులు కదా, బృందంలో మగవాళ్ళెవరూ ప్యాంటు పెట్టెలో పెట్టకూడదని హుకుం జారీ చేశారు. కారణం మాత్రం ఎవరూ ఎవరికీ పైకి చెప్పలేదు. అందరికీ తెలుసు.

ఆ వారంలోనే అప్పలసామి నా ఆఫీసుకి వచ్చాడు. అంత పొడుగు మనిషి, గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి, చెప్పులు బయటే విడిచాడు.

"లచ్చిమీ, నాను మందిరంలోకి రాగానే అందరూ మాటలాపేత్తన్నారు. పేంట్లొద్దంతన్నారు. గోడకేసి గదులంతన్నారు. అదంతా నాకోసమేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. "అవునన్నా."

కోప్పడతాడనుకున్నాను. కిటికీలోంచి గోదాములకేసి చూశాడు. "ఆళ్ళకి బయమెయ్యడం తప్పు కాదు. నాకూ ఏత్తాది. అద్దాల పక్కనుంచి నడాలా?"

"నడవాలి. రోజూ పొద్దున్న."

"అయితే ఆ ఓటలే తియ్యి. గోడ గదులు మాత్రం ఒద్దు. కొండెక్కి, అంత దూరమెల్లి, పదిమందీ గోడ సూసుకుంటా పడుకోడమేటి? ముసిలోళ్ళు మల్లీ ఎప్పుడెల్తారు?" ఆ వెంటనే అడిగాడు. "నా డోలకు గదిలోకి తెచ్చుకోనిత్తారా?"

"ఇస్తారు. ఎందుకు?"

"అటు ఎల్లినప్పుడల్లా మెడకేసుకుంతాను. రెండు సేతులూ దానిమీదుంటే సాలు. నా సంగతి నాకు తెలుసు."

అప్పటిదాకా ఆ ప్రయాణం గురించి నాతో మాట్లాడినవాళ్ళంతా ఆయన గురించే మాట్లాడారు. ఏ గది కావాలో, ఏ సాయం కావాలో ఇంత స్పష్టంగా చెప్పింది ఆయనొక్కడే. నేను వెంటనే ఫోను చేసి కొండ కనిపించే గదులకి మార్పించాను. సేల్స్ అమ్మాయి, "మంచి నిర్ణయం మేడమ్," అంది, ఎంతో ఊరటగా. ఢోలకుకి అనుమతి కూడా అడిగి ఉంచాను. "గదిలో వాయించకూడదు," అంది. వాయించడని నేను పూచీ పడ్డాను.

బృందం వెళ్ళింది. నేను ఇక్కడే ఉండిపోయాను, పని వదలదు. ఆ సోమవారం మధ్యాహ్నం గుడివాళ్ళు ఫోనులో భజన వినిపించారు. వెనక ఢోలకు నిబ్బరంగా మోగుతోంది. నేను బల్లమీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంటే ఎదుట ఉన్న గిరాకీ నవ్వాడు.

తిరిగొచ్చిన రెండో రోజు సింహాచలం ఒక డబ్బా బిస్కెట్లతో వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఈసారి తనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏటి సెప్పమంతావు లచ్చిమీ! రోజూ పొద్దున్నే మనోళ్ళు లోంజీల్లో, ఫనత్ సెప్పుల్లో, ఆయన మెడలో డోలకు. ఆ అద్దాల కాడి కాపలావోడు దండం ఎట్టీవోడు, ఏదో ఊరేగింపనుకున్నాడో ఏటో!"

"మరి ఆయన?"

"వంచిన తల ఎత్తనేదు, అలగే ఎల్లిపోయీవోడు. నాను రాముడా రాముడా అనుకుంటా ఎనకాతల." కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుంది. "ఆకరి రోజు పొద్దున్న సెప్పీసినాను. పెట్టె అడుగున పేంటున్నాది, కాలరు సొక్కా, బూట్లు కూడా ఉన్నాయి, నానే ఎట్టినాను అని."

నేను బిత్తరపోయాను. "నువ్వా పెట్టావు? ఎందుకు వదినా?"

"లోంజీ కట్టుకున్నాడు గావాల్న ఆగినాడని జనం అంతారు. ఆయన కూడా అలగే అనుకుంతాడు, జన్మంతా. అది నాకు అక్కర్నేదు."

అప్పలసామి ప్యాంటు వేసుకున్నాడట. కాలర్ చొక్కా, బూట్లు కూడా. ఢోలకు తీసి భార్య మెడలో వేశాడట. వరండాలో మాస్టారు ఆయన్ని ఆ వేషంలో చూసి గోడకి ఆనుకున్నారట. అద్దాల తలుపు దగ్గర కాపలావాడు, రండి సార్ అని తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల దీపాలు, గంటలు. అప్పలసామి ఈసారి తల వంచలేదు. లోపలికి ఒకసారి పూర్తిగా చూశాడు. కాపలావాడికి అర్థం కాకపోయినా బర్మీస్‌లోనే, వద్దు నాయనా, అని చెప్పి, రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ ఫలహారానికి వెళ్ళిపోయాడు.

"కూకుని ఆరు పూరీలు తిన్నాడే లచ్చిమీ," అంది సింహాచలం. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఆపుకోలేదు.

ధరలు, తగ్గింపులు, ఏ భవనంలో ఏ లిఫ్టు ఎక్కడ దిగుతుందో నేను ఇరవై ఏళ్ళలో నేర్చుకున్నాను. బృందానికి వసతి చూడటమంటే ఇంకొకటి కూడా ఉందని ఆ దంపతుల వల్ల తెలిసింది. ఇప్పుడు ఎవరైనా నా బల్ల ముందు గొంతు తగ్గించి, మా బృందంలో ఒకాయన ఉన్నాడండీ, ఆయనతోనే భయం, అని మొదలుపెడితే, నేను హోటలుకి ఫోను చెయ్యను. రేపు ఆయన్నే రమ్మనండి, అంటాను.