వాన పడితే మూసుకునే వడియాల పెట్టె

భానుమతికి కోపం రావడం టాంపినీస్‌లో వాళ్ళుండే అపార్ట్‌మెంటు బ్లాకులో ఎవరూ చూడలేదు. వస్తే ఎలా ఉంటుందో ఆవిడ భర్త మల్లికార్జునరావుకు కూడా మొన్ననే తెలిసింది.

ఆవిడ గుంటూరులో మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆయనకు సింగపూర్‌లో ఆర్థిక చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తే వెంట వచ్చింది. చదివిన చదువంతా వంటింట్లో పడింది. ఈ ఊళ్ళో వడియాలు పెట్టడమంటే మాటలా? ఎండ కాస్తున్నట్టే ఉంటుంది, అంతలోనే కుండపోత. పిండి ఎన్నిసార్లు నీళ్ళపాలయిందో! విసుగెత్తి, కిటికీ బయట బట్టలారేసే గడలకు బిగించే పెట్టె ఒకటి తయారుచేసింది. చినుకు పడితే పక్కనున్న స్పాంజి తడిసి బరువెక్కుతుంది, ఆ బరువుకు మూత దానంతటదే వాలిపోతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. అది కుదిరేదాకా ఆవిడ మార్చని మడతబందు లేదు.

దానికి పేటెంట్ వస్తే, ఇన్నేళ్ళకు తన చదువుకు తన పేరుతో ఒక గుర్తు మిగులుతుందనుకుంది. లిటిల్ ఇండియాలో నళిని ఆఫీసుకు వెళ్ళింది. నళినిది ముత్తాతల కాలంనాడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం. పేటెంట్ దరఖాస్తులు రాసిపెట్టడం ఆమె పని.

నళిని కంప్యూటర్లో కాసేపు వెతికి స్క్రీను ఇటు తిప్పింది.

"ఐయో, అక్కా! ఇది మీ పెట్టే కదా?"

రెండేళ్ళ కిందటి ఉగాది సభ వీడియో. వేదిక మీద మల్లికార్జునరావు, తొలి యంత్రాల కాలంలో పేటెంట్ల గురించి ఉపన్యాసం. ఆ రోజు భోజనాల దగ్గర భానుమతి పులిహోర వడ్డిస్తోంది. వడియాలు పంచడానికే పెట్టెతో సహా పట్టుకెళ్ళాడనుకుంది. ఈయనేమో మూత, స్పాంజి, మడతబందు విడదీసి మరీ సభకు చూపించాడు. "నూలు వడికే జెన్నీ యంత్రం చేసినాయన, పాపం, దరఖాస్తు పెట్టకముందే యంత్రాలు అమ్ముకున్నాడు. బయటపడ్డాక ఇంకేం పేటెంటండీ!" అని నవ్వాడు కూడా. ఆ పెట్టె చేతిలో పట్టుకునే నవ్వాడు! ఎవరు చేశారని ఎవరో అడిగితే, "ఏదో, ఇంట్లో చేశాం" అన్నాడు. చేశాం అట! ఆ మనిషికి మేకు కొట్టడం కూడా రాదు.

"సభలో చూపించిన ఏడాదిలోపైతే ట్రై చేసేదాన్నక్కా. ఇప్పుడు క్యాన్నాట్ ఆల్రెడీ," అంది నళిని, ఇక కుదరదని ఈ ఊరి ఇంగ్లీషులో.

భానుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. రైల్లో వస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉంది.

"నీ మీద గర్వంతోనే కదా భానూ చూపించాను!" అన్నాడాయన, ఇంట్లో అడుగుపెడుతూనే ఆవిడ నిలదీస్తే.

"నా పేరు నోట్లోంచి రాని గర్వమేంటండీ అది?"

"పోనీలే, విద్య నలుగురికీ పంచాలి. ఆవిరియంత్రం పేటెంట్ గడువు తీరాకే కదా అది ఇంగ్లండంతా పాకి..."

"మరి మీ పుస్తకాలమీద కాపీరైట్ అని మీ పేరెందుకు వేయించుకున్నారు? అవీ పంచిపెట్టండి!"

 

పాతదానికి హక్కు పోయినా, కొత్త ఏర్పాటేదైనా కలిపితే దానికి వేరే దరఖాస్తు పెట్టొచ్చంది నళిని. వాన వెలవగానే మూత మళ్ళీ తెరుచుకునే ఉపాయం కోసం భానుమతి వంటింట్లో కూర్చుంది. ఆదివారానికి కుదిరింది. టప్పున తెరుచుకున్న చప్పుడు విని ఆయన టీకప్పుతో పరుగెత్తుకొచ్చాడు.

"అబ్బో! ఎలా తెరుచుకుందోయ్?"

భానుమతి దానిమీద తువ్వాలు కప్పేసింది.

"పేటెంట్ అచ్చయ్యాక చదువుకోండి. ఊళ్ళో అందరితో పాటూ."