మిస్ ఎర్నస్టీన్ రెండు గదుల బడి

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున్నే అమ్మ మరచెంబులో మజ్జిగ పోసి ఇచ్చేది. అది పట్టుకుని మిస్ ఎర్నస్టీన్ వెంట పాత బడి ఊడవడానికి వెళ్ళేదాన్ని...

నార్త్ కరోలినాలో పొగాకు పొలాల మధ్య చిన్న ఊరు. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఊరు మొత్తానికి తెలుగువాళ్ళం మేమే. మిస్ ఎర్నస్టీన్ మా పక్కింటావిడ... డెబ్బై దాటిన నల్లజాతి పెద్దావిడ. సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చేదాకా నేను ఆవిడ దగ్గరే ఉండేదాన్ని.

పైన్ చెట్ల మధ్య రెండు గదుల చెక్క బడి అది. తెల్లవాళ్ళ బడిలోకి నల్లపిల్లల్ని రానివ్వని రోజుల్లో, వాళ్ళ అమ్మానాన్నలే చెట్లు కొట్టి, దూలాలు మోసి కట్టుకున్నారట. కరెంటు లేదు... అందుకే ఒక గోడ నిండా ఎత్తైన కిటికీలు. చలికాలంలో పిల్లలు తలా ఒక కట్టె తెచ్చి ఇనప పొయ్యిలో వేసేవాళ్ళట. ఆవిడ అక్కడే చదువుకుని, అక్కడే టీచరయింది.

నేను ఊడుస్తుంటే ఆవిడ కిటికీలు తుడుస్తూ చెప్పేది...

“తెల్లపిల్లలు వాడి వదిలేసిన పుస్తకాలు మాకు పంపేవాళ్ళు. మొదటి పేజీలో పేరు రాసుకునే గీతలన్నీ అప్పటికే నిండిపోయి ఉండేవి. మా పిల్లలు ఎక్కడ రాసుకోవాలి? నేనే కాగితం ముక్క అతికించి రాయించేదాన్ని.”

తర్వాత చట్టం మారింది... పిల్లలందరికీ ఒకటే బడి అన్నారు. మంచిరోజు వచ్చిందని అందరితో పాటు ఆవిడా సంతోషించింది.

“మరి మీరు కూడా ఆ పెద్ద బడికి వెళ్ళారా?” అని అడిగాను.

“పిల్లల్ని తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు,” అంది.

తెల్లపిల్లలకు నల్ల టీచరు పాఠం చెప్పడం కుదరదన్నారట. చివరికి ఆవిడ ఆ పెద్ద బడి వంటగదిలోనే పనికి చేరింది. నిన్నటిదాకా ఎక్కాలు నేర్పిన పిల్లలకు బంగాళాదుంప ముద్ద వడ్డించింది... “వాళ్ళు తల దించుకుని వచ్చేవాళ్ళు. నేను చూడనట్టు ఉండేదాన్ని,” అంది.

నా పదకొండో ఏట కౌంటీ వాళ్ళు, అంటే మన జిల్లా అధికారుల్లాంటి వాళ్ళు, ఆ స్థలం అమ్మేస్తున్నారని తెలిసింది. బడిని కూల్చొద్దని ఆవిడ ఒక అర్జీ రాసింది. చర్చికి వచ్చేవాళ్ళంతా సంతకాలు పెట్టారు. “మీ నాన్న కూడా పెడితే వింటారమ్మా. డాక్టరు మాట కదా,” అని కాగితం నా చేతికిచ్చింది.

నాన్న రెండుసార్లు చదివి, మడిచాడు.

“మనం బయటివాళ్ళం తల్లీ. ఆ కౌంటీ బోర్డులో ఉన్నవాళ్ళే మా హాస్పిటల్ బోర్డులోనూ ఉన్నారు. ఇలాంటి వాటిలో ఇన్వాల్వ్ అయితే రేపు నా జాబ్‌కి ప్రాబ్లం. సారీ చెప్పి ఇచ్చేసి రా.”

అమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాను... స్టవ్ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు.

కాగితం తిరిగి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని సంతకాల వరసంతా చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది...

“మీ నాన్న మంచివాడే,” అంది. “నీకు ఆకలేస్తోందా?”

ఆ వేసవిలోనే బుల్‌డోజరు వచ్చింది. ఒక్క పూటలో అయిపోయింది. ఆవిడ చూడడానికి రాలేదు. ఆ తర్వాత శనివారాలు వరండాలోనే కూర్చునేది... నేను వెళ్తే జడ సవరించేది. బడి మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

రెండేళ్ళకు పోయింది. అంత్యక్రియల రోజు నాన్న చర్చిలో ఆఖరి వరసలో కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే... నాకు జాలి కలగలేదు.

ఇప్పుడు నేను అదే రాష్ట్రంలో మోరిస్‌విల్‌లో ఉంటున్నాను. మొన్న మా పాత ఊరి వైపు కొత్తగా కట్టిన కమ్యూనిటీలో ఒక ఫ్రెండ్ గృహప్రవేశానికి వెళ్ళాను. రోడ్డు మలుపు చూసి గుర్తుపట్టాను... సరిగ్గా అదే చోటు.

“ఇంతకుముందు ఇక్కడ ఏముండేది?” అని అడిగాను.

“ఏం లేదంట అక్కా, అంతా ఎంప్టీ ల్యాండే అని బిల్డర్ చెప్పాడు,” అంది తను, నా ప్లేట్‌లో పులిహోర వడ్డిస్తూ.

తిని వచ్చేశాను.

తర్వాత కౌంటీ లైబ్రరీకి వెళ్ళి వెతికాను. ఆ బడి ఫొటో ఒక్కటి కూడా లేదు. అక్కడ చదువుకున్నవాళ్ళు ఇంకా ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని చర్చిలో అడిగితే, ఆఖరి ఆవిడ పోయిన చలికాలంలోనే చనిపోయిందన్నారు.

మీరు ఉంటున్న చోట అంతకుముందు ఏముండేదో మీకెవరైనా చెప్పారా? చెప్పివుంటే ఇక్కడ రాయండి... లేకపోతే, చెప్పేవాళ్ళు ఉండగానే వెళ్ళి అడగండి. నేను వెళ్ళేసరికి ఎవరూ మిగల్లేదు.