ఐదో చక్రానికి పసుపు

మొన్నొకరోజు పెందుర్తిలో కూరగాయల సంచితో నడిచి వస్తుంటే, వెనక చక్రంలో గాలి పోయి ఒక పక్కకి ఒరిగిన పికప్ వ్యాను ఒకటి రోడ్డు వార నిలబడి ఉంది, దాని కింద దూరిన డ్రైవరు సుత్తితో ఇనుముని బాదుతున్నాడు. నేను వంగి చూడక్కర్లేకపోయింది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్టెప్నీ క్యారియర్ మీద సుత్తి పడితే వచ్చే ఆ మొద్దు చప్పుడు నాకు కొత్త కాదు. కిరసనాయిలు పోసి నానబెట్టు బాబూ అన్నాను. అతను బయటికి వచ్చి, ఈ ముసలామెకి ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు నన్నొకసారి చూసి, ఫోను తీసి ఎవరినో రమ్మన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంటిదాకా మా పాత బండినీ, మా మావగారినీ తలుచుకుంటూ నడిచాను.

మా ఆయన ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బరు నుంచి చేపలు ఎత్తుకొచ్చి మా పెందుర్తి వైపు ఊళ్ళకి దింపేవాడు. బండి మా సొంతం. నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఆ బళ్ళలో అదనపు టైరు, అదే స్టెప్నీ, వెనక తొట్టి కింద ఒక గొలుసుకి వేలాడుతూ ఉండేది. వెనక నుంచి కడ్డీ దూర్చి తిప్పితే గొలుసు వదులై టైరు నేలకి దిగాలి. చేపల బుట్టల్లోంచి కారే ఉప్పునీళ్ళు, కరిగిన ఐసునీళ్ళు, తొట్టి కంతల్లోంచి సరిగ్గా దాని నెత్తిమీదే పడేవి. మేము మాత్రం దసరాకి బండిని తళతళలాడేలా కడిగి, నాలుగు చక్రాలకీ పసుపు రాసి బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, చేయవలసిందంతా చేసేశామని చేతులు దులుపుకునేవాళ్ళం. కింద ఐదో చక్రం ఒకటుందన్న సంగతే మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒక వానాకాలం మా ఆయన హార్బరులో ఐసు మీద కాలు జారి పడ్డాడు. కాలు విరిగింది, పిండికట్టు వేశారు, నెలల తరబడి మంచం దిగే వీలు లేదన్నారు. కదలని బండి ఎందుకని మావగారు అమ్మకానికి పెట్టేశారు; అచ్యుతాపురం నుంచి ఒక కాంట్రాక్టరు ఆదివారం చూడటానికి వస్తానన్నాడు. అప్పుడు నేను నోరు తెరిచి, బండి నేను నడుపుతానన్నాను. మా ఆయన సరదాకి ఖాళీ లేఅవుట్లలో నాకు బండి నేర్పి, లైసెన్సు కూడా తీయించి ఉన్నాడు మరి. మావగారు అరవలేదు, తిట్టలేదు. చుట్ట పక్కన పెట్టి, "నడుపుతావు, నాను కాదన్లేదమ్మీ. దార్లో టైరు పేలిపోతే ఏటి సేత్తావు? ఎవుడు దించుతాడు నీకు స్టెప్నీ?" అన్నారు. ఆదివారం ఆ బేరగాడి ఎదురుగా ఒక్కదాన్నే టైరు దించి మార్చితే బండి ఇంట్లో ఉంటుంది, లేకపోతే అతనితో వెళ్ళిపోతుంది. అదీ తీర్పు.

బండి పోతే మా ఆయన కాలు బాగయ్యాక మళ్ళీ ఇంకొకరి బండి మీద జీతానికి చేరాలి. నేనేమో స్టీరింగు పట్టుకున్న చేతులతో మళ్ళీ వంటింట్లోకి నడవాలి. పైకి మొదటి మాటే అనేదాన్ని గానీ నా అసలు భయం రెండోదే.

గోనెపట్టా పరుచుకుని బండి కింద దూరాను. కడ్డీ దూర్చి తిప్పితే గొలుసుని వదిలే పళ్ళచక్రంలో ఒక్క పన్ను కదల్లేదు, కొన్న దగ్గరనుంచీ దాన్ని ఎవరూ దింపిన పాపాన పోలేదు. బలం చూపిస్తే విరుగుతుందని నాకు అనిపించింది, ఊరగాయ జాడీ మూత బిగుసుకుంటే దాన్ని బద్దలుకొడతామా? తీగబ్రష్షుతో తుప్పు గీకాను, కిరసనాయిలు పోశాను, చిన్న సుత్తితో నెమ్మదిగా చుట్టూ తట్టాను, వదిలేశాను, మళ్ళీ పోశాను. మా ఆయన కిటికీలోంచి సలహాలు కేకలేస్తుంటే సగం విన్నాను, సగం వినలేదు. రేషను కిరసనాయిలంతా బండికే తాగిస్తన్నావని మా అత్తగారు సాధించారు. ఆమె మాటా నిజమే, స్టవ్వు వెలిగించడానికి చుక్క లేదు. ఆ సాయంత్రం చూస్తే వెనక చక్రం పక్కన నిండు కిరసనాయిలు సీసా ఒకటి ఉంది. మావగారు వీధి అరుగు మీద కూర్చుని అటు తిరిగి చుట్ట కాల్చుకుంటున్నారు. నేను సీసా మూత తీసి మళ్ళీ బండి కిందకి దూరాను.

గొలుసు చివరికి కదిలింది, కదులుతూనే పుచ్చిన లింకు ఒకటి నా చేతిలోకి ఊడివచ్చింది. పూర్ణా మార్కెట్ దగ్గర ఇనప కొట్లో కొత్త గొలుసు తెచ్చి వేశాను. టైరుని మోసే రేకుకి తుప్పు పూర్తిగా గీకి, మళ్ళీ పట్టకుండా రెడ్డాక్సైడ్ రంగు పూశాను, ఆరాక గొలుసుకి పాత ఇంజనాయిలు, తిరిగే పళ్ళకి గ్రీజు దట్టంగా పట్టించాను.

ఆదివారం జరిగింది ఇవాళ్టికీ గొప్పగా చెప్పుకుంటాను. కడ్డీ తిప్పితే టైరు బుద్ధిగా దిగింది. జాకీ వేసి, స్పానరు మీద ఎక్కి నిలబడి నట్లు వదులు చేసి, చక్రం మార్చి, తీసిన చక్రాన్ని గొలుసుకి తగిలించి పైకి ఎక్కించాను. బేరగాడు వంగి కింద చూసి, బండి బాగా ఉంచారండీ అని ధర మాట్లాడబోయాడు. మావగారు లేచారు. "బండి అమ్మట్నేదు బావూ. డైవరు దొరికీసింది" అన్నారు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకుందామంటే చేతులనిండా గ్రీజు.

ఆ దసరాకి ఐదో చక్రాన్ని కూడా దింపి, కడిగి, మా అత్తగారే పసుపు రాశారు. ఆ తర్వాత ఏ దసరాకీ అది తప్పలేదు. పూజ పేరు చెప్పి దాని గొలుసుకి కొత్త గ్రీజు పడేది. హార్బరు నుంచి వచ్చిన ప్రతిసారీ నేను తొట్టి కిందకి మంచినీళ్ళు గట్టిగా కొట్టేదాన్ని. మా ఆయన కాలు బాగయ్యాక కూడా పొద్దుటి ట్రిప్పు నాదే.

కొడుకు నడిపితే తలుపు గట్టిగా పట్టుకుని దారంతా బ్రేకు బ్రేకు అనే మావగారు, ఊళ్ళో పనులున్నాయని నా పక్కన ఎక్కడం మొదలుపెట్టారు. గోపాలపట్నం దాటేలోపే తల వెనక్కి వాల్చి గురక పెట్టేవారు. ఆ మనిషి నన్ను ఒక్కనాడూ నోటితో మెచ్చుకోలేదు. నాకా లోటూ తెలియలేదు.

ఇప్పుడు ఆడపిల్లలు ఏ బండైనా నడుపుతున్నారు, ఎవరూ వాళ్ళని నేలమీద పడుకోబెట్టి పరీక్ష పెట్టడం లేదు, అది మంచిదే, మనసారా మంచిదే అంటాను. ఫోను చేస్తే కారు గుమ్మంలోకి వస్తుంది, రోడ్లు విశాలంగా ఉన్నాయి, లోపల చల్లగా ఉంటుంది. నడిపే మనిషి పేరు ఫోనులో కనిపిస్తుంది గానీ అతను తన బండి కిందకి ఎప్పుడైనా తొంగిచూశాడో లేదో నాకు తెలియదు. వెనక సీట్లో కూర్చుని దారంతా కళ్ళు తెరుచుకునే ఉంటాను. మావగారిలా తల వాల్చి హాయిగా నిద్రపోవాలని ఉంటుంది నాకు, ఎంత దూరం వెళ్ళినా రాదు.